చిట్టా పుస్తకం అంచుల్లో దొరికిన నా రాతలు: రాయడం మీలో ఉందని మీకెప్పుడు తెలిసింది?

పెన్న_ఉత్తరగట్టు · ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇదే మొదటిది. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

నా వయసు 56. కోవూరు వైపు ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చేశాను. పగలు కాటా చీటీలు, సాయంత్రం చిట్టా (రోజువారీ లెక్క), వారానికోసారి ఆవర్జా (ఖాతాల పుస్తకం). పుట్టి లెక్క, నెమ్ము, తరుగు, హమాలీ కూలి, లారీ బాడుగ. పదో తరగతి తర్వాత నేను చదివిన చదువు అదే. కథలూ కవితలూ రాసేవాళ్ళు వేరే మనుషులు, మనం వేరే అనుకుంటూ వచ్చాను.

పోయిన నెల మిల్లు చేతులు మారింది. పాత లెక్కల పుస్తకాలు పాత పేపర్లవాడికి వేసెయ్యమన్నారు. అటక మీద నుంచి దించితే నలభై దాకా ఉన్నాయి. ఎర్రగుడ్డ అట్టలు, పొడుగుపాటివి, తౌడు దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి దులిపి తెరిచాను. నా దస్తూరీయే. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. గీతకవతల, అంచున, పెన్సిలుతో సన్నగా ఒక వాక్యం. పేజీ తిప్పితే ఇంకోటి. కొన్ని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"పొద్దున మంచు. కాటా గుండు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది."

"హమాలీ ఒకడు అన్నం మూట విప్పాడు, చూశాడు, మళ్ళీ కట్టేశాడు. ఎందుకని అడగలేదు."

"లారీ వచ్చిందని చెప్పడానికి పరిగెత్తుకొచ్చిన పిల్లోడికి రెండు చెప్పులూ ఎడమ కాలివే."

"మొలగొలుకులు తెచ్చిన ముసలాయన బస్తా మూతి విప్పి, పిడికెడు తీసి వాసన చూసుకుని, మళ్ళీ అందులోనే పోశాడు. అమ్మే ముందు." (మొలగొలుకులంటే మా నెల్లూరు వైపు వడ్లు.)

నమ్మండి, వీటిలో ఒక్కటీ రాసినట్టు నాకు గుర్తు లేదు. ఆ రాత్రి మూడింటి దాకా చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడ లేచి వచ్చి "ఏంది, ఎక్కడన్నా లెక్క తప్పిందా?" అంది. నాకు గొంతు పూడుకుపోయింది. ఎవరూ రాయమనలేదు, ఎవరికీ చూపలేదు, అయినా అన్నేళ్ళూ రాస్తూనే ఉన్నాను. అది నాలో ఉందని ఈ వయసులో తెలిసింది.

మీకెప్పుడు తెలిసింది? ఇప్పుడు నేనేం చెయ్యాలి?

చీమకుర్తి_రాయి · ఆదివారం రాత్రి 11:05

అన్నా, ముందు ఆ పుస్తకాలు వేసేశారా లేదా చెప్పండి. నాకు నిద్ర పట్టదు.

పెన్న_ఉత్తరగట్టు · ఆదివారం రాత్రి 11:09

లేదు తమ్ముడూ. కొత్త యజమానిని అడిగి, టీవీఎస్ మీద మూడు సార్లుగా ఇంటికి చేర్చాను. బీరువా పక్కన పేర్చి దుప్పటి కప్పాను.

సింగరాయకొండ_పంతులమ్మ · సోమవారం ఉదయం 6:20

ఉత్తరగట్టు గారూ, తెల్లారి లేవగానే మీది చదివాను. నేను తెలుగు టీచరుగా రిటైరయ్యాను. ముప్పై మూడేళ్ళు పిల్లలకు వ్యాసాలు చెప్పి రాయించాను. "బస్తా మూతి విప్పి వాసన చూసుకుని మళ్ళీ అందులోనే పోశాడు, అమ్మే ముందు" అనే మాట నా పిల్లల్లో ఒక్కరు రాసినా ఆ రోజు స్కూలంతా చదివి వినిపించేదాన్ని. ఆ "అమ్మే ముందు" చివర పెట్టారు చూడండి, అది ఎవరూ నేర్పేది కాదు.

గుమాస్తాని అంటున్నారు గనుక ఒక సంగతి. మీ ఎదుటి గట్టు మీదే, నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో తిక్కన గారు 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు తెలుగు చేశారు. ఆయన చెబుతుంటే గంటం పట్టి తాటాకు మీద రాసింది కుమ్మరి గురునాథుడని చెప్పుకుంటారు. ఒకచోట పద్యం సాగక తిక్కన గారు "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నారట. గురునాథుడు గంటం ఆపలేదు. అది సంజయుడు ధృతరాష్ట్రుడితో అంటున్న ఘట్టం. "కురునాథా" అని రాసుకుపోయాడు. ఛందస్సూ కుదిరింది, సందర్భమూ కుదిరింది. నిజమో కల్పనో గానీ, ఈ కథ ఎప్పుడు చెప్పినా నాకు తిక్కన గారికంటే ఆ రాసేవాడి చెవి మీదే ప్రేమ కలుగుతుంది. ఎదుటివాడి నోట్లోంచి వచ్చిన మాటని ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి. మీకూ ఆ చెవి ఉంది.

నా సంగతి సాయంత్రం రాస్తాను. పాలబ్బాయి వచ్చాడు.

పొదిలి_టు_బెంగళూరు · సోమవారం మధ్యాహ్నం 2:41

నేను ఇప్పుడే నిద్ర లేచాను, నాది నైట్ షిఫ్ట్. కస్టమర్ సపోర్ట్. కాల్‌కీ కాల్‌కీ మధ్య దొరికే టైంలో ఫోన్ నోట్స్‌లో ఏదో ఒకటి కొట్టుకుంటాను. మీ పోస్టు చదివి లెక్క చూసుకున్నాను, 612 ఉన్నాయి. సగానికి పైగా మా జేజి గురించే. పొదిలి దగ్గర మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకర్ వచ్చే రోజు జేజి అన్ని గిన్నెలూ కడిగి వాకిట్లో వరస పెట్టేది, చుట్టాలొస్తున్నట్టు. అది ఒక నోట్.

రాయని రోజు నాకు తల బరువుగా ఉంటుంది. ఫ్రెండ్స్‌కి చెబితే "ఓవర్ థింకింగ్" అంటారు. ఇది రాయడం కిందికి వస్తుందా అక్కా, లేక నాకు వేరే ఏదన్నా ప్రాబ్లమా? సీరియస్‌గా అడుగుతున్నాను.

సింగరాయకొండ_పంతులమ్మ · సోమవారం సాయంత్రం 5:15

అమ్మాయ్, గిన్నెలు చుట్టాల కోసం వరస పెట్టినట్టు ఉన్నాయని నీకు తోచింది కదా. అది రాయడమే. ప్రాబ్లమ్ కాదు. ఆ 612నీ ఫోన్‌లో వదిలెయ్యకు. ఫోన్ నీళ్ళలో పడితే మీ జేజి రెండోసారి పోయినట్టే.

ఇక నా సంగతి. నాకు తెలిసింది యాభై ఏళ్ళ వయసులో, పరీక్ష పేపర్లు దిద్దుతుంటే. ఒక పిల్ల "మా అమ్మ" అనే వ్యాసంలో నాలుగే లైన్లు రాసింది. "మా అమ్మ పొద్దున్నే రొయ్యల షెడ్డుకు పోతుంది. రాత్రికి వస్తుంది. చేతులు ఐసు మాదిరి ఉంటాయి. ఆ చేతులు నా బుగ్గలకి పెట్టి వెచ్చ చేసుకుంటుంది." పదికి మూడు వెయ్యాలి లెక్క ప్రకారం. నిడివి చాలదు, ముగింపు లేదు. ఎర్ర పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. చివరికి తొమ్మిది వేసి, ఆ రాత్రి మా అమ్మ గురించి నేను రాయడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను రాసినవన్నీ లెసన్ ప్లాన్లే. ఆ రాత్రి మొదలైంది ఇప్పటికీ ఆగలేదు. అచ్చయినవి రెండే, రెండూ చిన్నవి. నాకు ఆ లోటు లేదు.

ఒంగోలు_ఆర్ఎంఎస్ · సోమవారం రాత్రి 8:30

అందరూ మెచ్చుకుంటున్నారు. నేను ఇంకో మాట చెబుతాను, మిత్రుడు నొచ్చుకోకూడదు.

నేను రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు సార్టింగ్ చేశాను. రాత్రి డ్యూటీలో, బండికీ బండికీ మధ్య గంటలో కథలు రాసేవాణ్ణి. తెల్ల కాగితానికి ఒకవైపే, ఎడమ పక్క బాగా మార్జిన్ వదిలి, చివర హామీపత్రం: ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. తిప్పి పంపడానికి మన అడ్రసు మనమే రాసి, స్టాంపులంటించిన కవరు జతచెయ్యాలి. అందువల్ల కథ తిరిగొచ్చినప్పుడు మన చేతిరాతే మనకి ఎదురొస్తుంది. ఒకసారి నా కవరు నా సార్టింగ్ కట్టలోకే వచ్చింది. రాత్రి రెండు గంటలప్పుడు. విప్పక్కర్లేదు, బరువు చూస్తే తెలిసింది, కథ లోపలే ఉంది. ఒంగోలు గడిలో వేసి, తర్వాతి ఉత్తరం అందుకున్నాను. మూడో రోజు పోస్ట్‌మాన్ ఇంటికి తెచ్చిచ్చాడు.

అలా పదిహేడు తిరిగొచ్చాయి. పద్దెనిమిదోది అచ్చయింది.

ఇదంతా ఎందుకంటే, చూసే కన్ను ఉండటం ఒకటి, రాయడం ఇంకొకటి. ఉత్తరగట్టు గారిది గొప్ప కన్ను, ఒప్పుకుంటాను. కానీ అవి ఇంకా విత్తనాలు. హమాలీ మూట ఎందుకు కట్టేశాడు? లోపల ఏముంది? ఆ మనిషికి ఇంట్లో ఎవరున్నారు? అది పట్టుకుని ముందూ వెనకా రాస్తే కథ. లేకపోతే పెన్సిలు గీత. ఇంకోటి గమనించాను. "ఎందుకని అడగలేదు" అన్నారు. రాసేవాడు ఎప్పుడో ఒకప్పుడు అడగాలి.

సింగరాయకొండ_పంతులమ్మ · సోమవారం రాత్రి 9:02

సార్, మీ పదిహేడు కవర్లకి దణ్ణం. కానీ ఇక్కడ ఒప్పుకోను. ఆ హమాలీ మూట లోపల ఏముందో చెబితే ఆ వాక్యం చచ్చిపోతుంది. ఆకలి అని రాస్తామా, అలిగి వచ్చాడని రాస్తామా? రాయకపోబట్టే నేను పొద్దుటి నుంచి ఆ మూట గురించి ఆలోచిస్తున్నాను. అందరూ కథలే రాయాలని లేదు. సాగదీసి వాటిని పాడు చేసుకోవద్దని ఉత్తరగట్టు గారికి నా మనవి.

ఒంగోలు_ఆర్ఎంఎస్ · సోమవారం రాత్రి 9:20

సాగదియ్యమని నేననలేదమ్మా. పని చెయ్యమన్నాను. ప్రేమ ఉన్నచోట పని కూడా ఉండాలి కదా. నేను ఒక్కో కథని నాలుగుసార్లు తిరగరాసేవాణ్ణి, కార్బన్ పేపరు కొనడానికి డబ్బుల్లేక.

కావలి_పాతబస్టాండ్ · మంగళవారం ఉదయం 7:48

నాది చెబుతాను. 1989లో నేను ఇంటర్. అప్పటికే ఆరు నోట్‌బుక్కుల నిండా కవితలు. నవంబర్లో తుపాను కావలి దగ్గరే తీరం దాటింది, ఇక్కడి పెద్దవాళ్ళందరికీ గుర్తే. మా ఇంటి రేకులు లేచిపోయాయి. తెల్లారి ట్రంకు పెట్టె తెరిస్తే నోట్‌బుక్కులు నీళ్ళు పీల్చి ఇటుకల్లా ఉన్నాయి. అప్పట్లో ఇంకు పెన్ను కదా, ఒక్క అక్షరం మిగల్లేదు. కాగితాలన్నీ లేత నీలం. మా అమ్మ వాటిని విడదీసి కంచె మీద ఆరేసింది, బట్టలు ఆరేసినట్టు. ఏమీ మిగల్లేదని ఆమెకి తెలుసు, చదువు రాకపోయినా. అయినా ఆరేసింది.

ఇక రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు కవిత జోలికి పోలేదు. రాయడం నాకు అచ్చిరాలేదని అందరికీ చెప్పుకునేవాణ్ణి.

కానీ ఆ ఇరవై ఏళ్ళలో ఏం చేశానంటే, మా వీధిలో భర్తలు కువైట్లో ఉన్న ఆడవాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టాను. వాళ్ళు చెబుతారు, నేను రాస్తాను. ఒక అక్క కళ్ళు తుడుచుకుంటూ "మేమంతా కులాసా అని రాయి" అంది. రాశాను. కాసేపు ఆగి "చింతచెట్టు ఈ యేడు కాయలేదని రాయి" అంది. వాళ్ళకి చింతచెట్టు లేదు. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకి తెలుసు. మారు మాట్లాడకుండా రాశాను. నెల తర్వాత ఆయన ఉత్తరం వచ్చింది, చదివి వినిపించడానికి నా దగ్గరికే తెచ్చింది. మొదటి లైనే "చెట్టుకి ఏమైంది?" అని. అక్క గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది.

నేను రాయడం ఆపానని అనుకున్నానే గానీ నిజానికి ఒక్క రోజు కూడా ఆపలేదని నలభై దాటాక తెలిసింది. సెల్‌ఫోన్లు వచ్చి ఉత్తరాలు ఆగిపోయాక చేతులకి ఏదో తక్కువైనట్టు ఉండేది. అప్పుడు మళ్ళీ నోట్‌బుక్ కొన్నాను. ఇప్పుడు బాల్ పెన్నుతోనే రాస్తాను.

పొదిలి_టు_బెంగళూరు · మంగళవారం మధ్యాహ్నం 3:10

కంచె మీద ఆరేసిందనే చోట ఆగిపోయాను అన్నా. ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను, ఏడిస్తే బాగుండదు.

కలిగిరి_కూతురు · మంగళవారం రాత్రి 9:37

నేను రాసేదాన్ని కాదు. మా అమ్మ రాస్తుంది. ఆమె గురించి చెప్పొచ్చా?

మా ఊరు కలిగిరి దగ్గర. అమ్మకి చిన్నప్పుడు బడి లేదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బడికి పోయింది. లాంతరు వెలుగులో, పొలం పని చేసొచ్చి. మా మండలంలోదే దూబగుంట. ఆ రాత్రి బడి వాచకంలో సారా గురించిన పాఠం చదువుకునే ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు మీకందరికీ తెలిసే ఉంటుంది. అది ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మా అమ్మ కూడా చీపురు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నవాళ్ళలో ఒకతె. పేపర్లలో అదంతా వచ్చింది. ఆ అక్షరాలు తర్వాత ఏమయ్యాయో ఏ పేపర్లోనూ రాలేదు.

మా అమ్మ వాటిని వదల్లేదు. కిరాణా కొట్టువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చే డైరీల్లో రోజుకి నాలుగు లైన్లు రాస్తుంది. ఇప్పుడు 68. వత్తులు సరిగా రావు, నోటితో ఎలా అంటుందో అలాగే రాస్తుంది. ఆమె అనుమతితో ఒకటి పెడుతున్నాను.

"ఈ రోజు ఎండ. వడియాలు పెట్టినా. మీ నాయన గురుతొచ్చినాడు. సారా మానినాక నాలుగేండ్లు బాగుండాడు. నాలుగేండ్లు చానా."

మూడేళ్ళ కిందట మా అబ్బాయి, ఇంగ్లీషు మీడియం పిల్లవాడు, వాళ్ళ తెలుగు టీచరు చేసినట్టే ఆ డైరీలో ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దాడు. ప్రేమతోనే చేశాడు. అమ్మ ఏమీ అనలేదు. డైరీ మూసేసి సామాన్ల గదిలో పెట్టేసింది. మూడు నెలలు రాయలేదు. ఆ మూడు నెలలూ ఆమె మనిషిలా లేదు. నిద్ర లేదు, తిండి సయించలేదు. డాక్టరుకి చూపిస్తే బీపీ బాగానే ఉందన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. వాడి చేతనే కొత్త డైరీ ఇప్పించాను. "జేజీ, ఇది నేను తెరవను" అని చెప్పి ఇచ్చాడు. ఆ రాత్రే వసారాలో దీపం కనబడింది.

నెల్లూరు రొట్టెల పండగలో కోరిక అనుకుని ఒకరి దగ్గర రొట్టె పట్టుకుంటారు, అది తీరాక మరుసటి యేడు పోయి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఒకప్పుడు ఆ పండగకి బారాషహీద్ దర్గాకి పోయినప్పుడు అందరూ ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె కోసం స్వర్ణాల చెరువులో నిలబడితే అమ్మ చదువు రొట్టె పట్టుకుంది. పిల్లల కోసమే అనుకున్నాం. మరుసటి యేడు తిరిగి రొట్టె ఇవ్వడానికి పోతూ "నాకోసమే పట్టుకున్నా" అంది.

సింగరాయకొండ_పంతులమ్మ · మంగళవారం రాత్రి 10:15

"నాలుగేండ్లు చానా." ఎర్ర పెన్ను పట్టిన చేతులు నావి కూడా. ఆ అమ్మకి నా నమస్కారం చెప్పమ్మా.

మార్కాపురం_పలక · బుధవారం ఉదయం 6:55

మా నాయన పలకల గనిలో పని చేశాడు. మార్కాపురం పలకలంటే ఒకప్పుడు అన్ని ఊళ్ళ బడి పిల్లల చేతుల్లోనూ ఉండేవి కదా. చెక్కు లేచినవి, మూల విరిగినవి ఇంటికి తెచ్చేవాడు. ఇంటి వెనక గుట్ట ఉండేది. నేను బలపం ముక్కతో వాటి మీద ఊళ్ళో జరిగినవన్నీ రాసేవాణ్ణి. ఒక పలక నిండితే ఇంకోటి. వాన వస్తే అన్నీ కడుక్కుపోతాయి. మళ్ళీ మొదలు. చెరిగిపోతుందని తెలిసే రాసేవాణ్ణి, ఎప్పుడూ బాధ అనిపించలేదు. ఇప్పుడు లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఉన్నాను. వేబిల్లుల వెనక రాస్తుంటాను. కావలి అన్న చెప్పినట్టు ఆపడం మన చేతిలో ఉండదు.

ఒంగోలు_ఆర్ఎంఎస్ · బుధవారం ఉదయం 9:30

రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నాను. పంతులమ్మ గారూ, మీ మాట కొంత ఒప్పుకుంటున్నాను. కలిగిరి అమ్మగారి వాక్యాన్ని తిరగరాయమని నేను అననుగాక అనను.

అచ్చు గురించి ఒక ముక్క. మా ఒంగోలు మనిషి వెన్నెలకంటి సుబ్బారావు గారు 1784లో పుట్టారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఎదిగి మద్రాసు సదర్ అదాలతులో, అంటే కంపెనీ వారి పెద్ద కోర్టులో, దుబాసీగా (ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేసేవాడిగా) చేశారు. తన బతుకు తనే ఇంగ్లీషులో రాసుకున్నారు. 1839లో పోయారు. అది పుస్తకమైంది 1873లో. ఆయన చూడనే లేదు. నా పదిహేడు కవర్లు తలుచుకుని బాధపడేటప్పుడల్లా ఆయన్ని గుర్తు చేసుకునేవాణ్ణి.

అయితే నా అసలు టెన్షన్ ఇంకొకటి. ఉత్తరగట్టు గారి రాతల్లో ఉన్నది నిజం మనుషులు. అదే ఊళ్ళో ఇంకా ఉన్నారు. రేపు ఇది పుస్తకమైతే, ఆ హమాలీ కొడుకు చదివితే? మన రాత కోసం ఎదుటివాడి బతుకు వాడుకునే హక్కు మనకుందా? నేను మా బావ మీద రాసిన ఒక కథ వల్ల పదేళ్ళు రాకపోకలు లేవు. కథ మంచిదే. మా అక్క పోయినప్పుడు కూడా ఆయన నాతో మాట్లాడలేదు.

పెన్న_ఉత్తరగట్టు · బుధవారం రాత్రి 11:40

పెద్దాయన అడిగింది సరైన మాట. ఇన్ని రోజులూ నేను ఇక్కడ పెట్టనిది ఒకటుంది. దాని వల్లే నిద్ర లేదు. పెట్టాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

1999 ఏప్రిల్, రబీ ధాన్యం వచ్చే రోజులు. అంచున ఇలా ఉంది:

"పుట్టికి ఇరవై కిలోలు తరుగు. నెమ్ము లేదు. చెయ్యి పెట్టి చూశాను, గలగలమన్నాయి. రాయమన్నారు, రాశాను. ఆయన చీటీ నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. రెండుసార్లూ అదే చదివాను. చొక్కా జేబులో పసుపు కనబడింది. కొమ్మేమో."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ధాన్యంలో నెమ్ము, అంటే తడి, ఉందని తూకంలో కోసేసేది తరుగు. మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఆయన తెచ్చింది ఆరు పుట్లు. 120 కిలోలు గాల్లో కలిపేశాం. నేనే కలిపాను, నా దస్తూరీలోనే ఉంది. ఎవరు రాయమన్నారో ఆ పేరు అనవసరం. చెయ్యి నాది.

ఇది చదివాక నాకు ఒకటి తెలిసింది. ఆ అంచుల్లో రాతలు ఊరికే రాలేదు. గీతకి ఇవతల రాయకూడనివి గీతకి అవతల రాసుకున్నాను. నోరు తెరవలేక రాశాను. మీరంతా మంచి కన్ను, మంచి చెవి అంటుంటే నాకు ఈ పేజీయే కళ్ళ ముందు మెదులుతోంది.

ఆ రైతు ఉన్నాడు. ఎనభై దగ్గర పడ్డాడు. ఇక్కడికి ఆరు కిలోమీటర్లు.

కావలి_పాతబస్టాండ్ · గురువారం ఉదయం 6:10

పోయి చదివి వినిపించండి అన్నా.

చీమకుర్తి_రాయి · గురువారం ఉదయం 7:25

నేను వద్దంటాను. ఇరవై అయిదేళ్ళు దాటింది. ఆయన మర్చిపోయి ఉంటాడు. మీ మనసు తేలిక చేసుకోవడానికి ఆయన మనసు బరువు చేస్తారా?

ఒంగోలు_ఆర్ఎంఎస్ · గురువారం ఉదయం 8:00

మా బావ దగ్గరికి నేను పోలేదు. ఆయన పోయాక ఇప్పుడు ఎక్కడికి పోను? వెళ్ళండి నాయనా. పుస్తకం తీసుకునే వెళ్ళండి. మీ నోటి మాటగా కాదు, ఆ రోజు ఏం రాశారో అది చదవండి.

పొదిలి_టు_బెంగళూరు · శనివారం మధ్యాహ్నం 1:30

ఈ మధ్యలో నేను ఒక పని చేశాను. 612 నోట్సూ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒక ప్రింట్ తీయించాను. స్పైరల్ బైండింగ్. జేజి పేరు అట్ట మీద వేశాను. చేతిలో పట్టుకుంటే బరువుగా ఉంది. తల బరువు మాత్రం తగ్గింది.

ఉత్తరగట్టు అన్నా, టైప్ కొట్టడం కష్టమైతే ఫోన్ కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి చదవండి, తెలుగులో అదే పడుతుంది. పేర్లూ లెక్కలూ మాత్రం సరిచూసుకోవాలి. పెన్సిలు రాత చెరిగిపోక ముందే పేజీలన్నీ పగటి వెలుతురులో ఫోటోలు తీసిపెట్టండి.

పెన్న_ఉత్తరగట్టు · ఆదివారం రాత్రి 9:15

ఈ రోజు వెళ్ళాను.

అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది. గొంతుతో గుర్తుపట్టి "మిల్లు గుమాస్తావి గదా, రా అబ్బయా" అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. గ్లాసు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరికి సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి, ముందు గీతకి ఇవతల లెక్క చదివాను, తర్వాత అంచున ఉన్నది చదివాను.

ఆయన ఏమీ అనలేదు. వీధిలో ట్రాక్టరు ఒకటి పోయింది. ఆ చప్పుడు తగ్గాక "మళ్ళా చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. ఆ రోజులాగే రెండుసార్లు.

"తరుగు సంగతి అప్పుడే తెలుసు నాకు. గింజలు మనయి గదా, తెలవకుండా ఎట్టుంటది? నువ్వు రాసుకున్నావని మాత్రం తెలవదు" అన్నాడు. ఇంకాసేపటికి, "అది పసుపు కొమ్ము కాదబ్బయా. పాప పెళ్ళి శుభలేఖ. నాలుగు మూలలా పసుపు రాసి జేబులో పెట్టుకొచ్చినా. నీకిద్దామని. నువ్వు రెండోసారి చదివినాక ఇయ్యబుద్ధి కాలేదు" అన్నాడు.

నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆయనే నా భుజం మీద చెయ్యి వేసి, పుస్తకం మీద ఆ రాత ఎక్కడుందో తన వేలు పట్టుకుని చూపించమన్నాడు. చూపించాను. పెన్సిలు గీత మీద వేలు పెట్టి అట్లాగే కాసేపు ఉంచాడు. ఇంకేమేం రాశావని అడిగాడు. మొలగొలుకుల ముసలాయనది చదివితే నవ్వాడు. అది ఆయన పెదనాయన అట. మిగతావి వచ్చే ఆదివారం తెచ్చి చదవమన్నాడు.

ఇంటికొచ్చి ఆ పేజీలో "కొమ్మేమో" పక్కన "శుభలేఖ" అని రాశాను. పెన్సిలుతోనే.

ఒంగోలు_ఆర్ఎంఎస్ · ఆదివారం రాత్రి 9:40

చదివాను నాయనా. రెండుసార్లు చదివాను.

పొదిలి_టు_బెంగళూరు · ఆదివారం రాత్రి 9:58

అన్నా, ఆ శుభలేఖ ఆయన దగ్గర ఇంకా ఉందా?

పెన్న_ఉత్తరగట్టు · ఆదివారం రాత్రి 10:04

అడగలేదమ్మా. వచ్చే ఆదివారం అడుగుతాను.